జేగంట మునిగిన తీరు

నీళ్లలో పడ్డ వస్తువు పడ్డచోటే ఉంటుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రవాహం ఎటు పోతే వస్తువూ అటే కొట్టుకుపోతుందని చెప్పేవాళ్లను చూసినా అంతే. ఈ రెండు మాటలూ పట్టుకుని మా క్వారీలో మగవాళ్లంతా కలిసి మా అమ్మను దొంగను చేశారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఇన్నేళ్ల తర్వాత అదంతా ఎందుకు తవ్వుతావని నా కోడలు అడుగుతుంది. రాళ్లు తవ్వుకుని బతికిన ఇంట్లో పుట్టాను, నాకు ఇంకో పని రాదని చెప్పాను.

మాది దాచేపల్లి పక్కన, నాగులేటి ఒడ్డు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. ఏటికి ఇవతల మా గుడిసెలు, అవతల సున్నపురాయి క్వారీ. పైపొరల రాయి గడ్డపారతో లేచొచ్చేది గానీ అడుగు రాయి మొండిది. దానికి బెజ్జాలు వేసి, మందుగుండు కూరి పేల్చాల్సిందే. పేల్చేముందు జేగంట కొట్టేవాళ్లు. ఇది నాలుక ఊగే గంట కాదు. కంచుతో పోతపోసిన గుండ్రటి బిళ్ల, జొన్నరొట్టె పెనమంత వెడల్పు, చిటికెనవేలంత మందం. అంచున రెండు బెజ్జాలు, వాటిలో తాడు. తాడు పట్టుకుని వేలాడదీసి కొయ్యసుత్తితో కొడితే క్వారీ ఆ చివరిదాకా వినపడేది. మూడు దెబ్బలు పడ్డాయంటే ఎవరి చేతిలో ఏ పని ఉన్నా అక్కడే పారేసి, దూరంగా ఉన్న వేపచెట్టు కిందికి పరిగెత్తాలి. పేలుడు అయ్యాక ఒక్క దెబ్బ కొడితే మళ్లీ పనిలోకి రావాలి.

ఆ గంట మోసేదీ కొట్టేదీ మా అమ్మే. దానికొక కారణం ఉంది. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా నాన్న ఆ క్వారీలోనే పోయాడు. ఆ రోజు గంట కొట్టాల్సిన మనిషి బద్ధకించి ఒక కేక వేసి ఊరుకున్నాడు. ఎదురుగాలి. నాన్న గోతిలో వంగి రాయి కింద గడ్డపార పెట్టి ఉన్నాడు, కేక వినపడలేదు. పదకొండో రోజు గడిచాక అమ్మ మేస్త్రీ ఇంటికి వెళ్లింది. మేస్త్రీ అంటే మా అందరి చేతా పని చేయించేవాడు, అక్కడ అతని మాటే శాసనం.

"కంకర కొట్టే పని నాకున్నదే. అది గాక ఆ గంట కూడా ఇయ్యాల్టి నుంచి నేనే కొడతా. ఇంకెవరి చేతికీ ఇయ్యమాక" అంది అమ్మ.

అతను ఇచ్చాడు. రోజూ పొద్దున అమ్మ వాళ్లింటికి వెళ్లి గంట తెచ్చుకునేది, సాయంత్రం తీసుకెళ్లి అప్పగించేది. యుద్ధం వచ్చాక కంచు దొరకడం గగనమైపోయింది కాబట్టి దాన్ని క్వారీలో వదిలేవాళ్లు కాదు. మూడేళ్లలో ఒక్కనాడు కూడా ఆ మూడు దెబ్బలు పడకుండా మందు పేలలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా దుప్పటి కప్పుకుని వచ్చి కొట్టింది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆ మనిషినే ఏమన్నారో మీకు తెలియాలి.

మేం ఏరు దాటేచోట అడుగున ఒక పెద్ద నాపరాతి బండ పరుచుకుని ఉండేది. దాని మీద చీలమండల లోతు నీళ్లు పారేవి. ఆ బండ మీదే అడుగుకొక రాయి పేర్చుకుని, వాటి మీద కాళ్లు వేస్తూ దాటేవాళ్లం. బండ అంచు దగ్గర మాత్రం నీళ్లు ఒక్కసారిగా కిందికి దూకి మడుగులో పడేవి. ఆ మడుగు రెండు నిలువుల లోతు. అంచు కింద బండ లోపలికి తొలుచుకుపోయి చీకటిగుయ్యారంలా ఉంటుందని చెప్పుకునేవాళ్లు. అందులో దూరిన మనిషి మళ్లీ రాడని అందరికీ భయం. చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు, భయం మాత్రం అందరికీ ఉంది.

వానలు వెలిసి ఏటినీళ్లు తేటపడుతున్న కార్తీకంలో ఒక సోమవారం. పొద్దున్నే అమ్మ గంటను తలమీద చుట్టకుదురు మీద పెట్టుకుని దాటుతోంది. వెనకాల నేను సద్దిగిన్నె పట్టుకుని వస్తున్నాను. నాలుగో రాయి మీద పాచి పట్టి ఉంది. అమ్మ కాలు జారింది. మోకాలు రాతికి కొట్టుకుని, మడుగు అంచున కూలబడింది. గంట తలమీంచి లేచి మడుగులో పడింది.

అది పడడం నేను కళ్లారా చూశాను. బల్లపరుపుగా పడలేదు. ఒక అంచు కిందికి వంగి, ఏటవాలుగా, కత్తి దిగినట్టు దిగింది. అంత బరువు పడినా నీళ్లు పైకి ఎగరలేదు, పెద్దగా చప్పుడు కూడా కాలేదు. ఆ చప్పుడు కాకపోవడమే నాకు బాగా గుర్తుండిపోయింది.

అమ్మ కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి. మా తాత పుట్టి నడిపేవాడు, అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్టపడవ. ఇవతలి మనుషుల్ని అవతల నైజాం ఒడ్డుకు దాటించడం ఆయన పని. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మకు ఈత నడకంత సులువు. ఆ పూట మాత్రం మోకాలు బూరెలా పొంగిపోయి కాలు కింద మోపలేకపోయింది. నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ పట్టుకుని ఇంటికి చేర్చాం.

ఇక వెతకడం మొదలైంది. మా క్వారీవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. రాయి తీసేసిన పాత గుంటల్లో వాననీళ్లు నిలిచిపోతాయి. ఎవరి సమ్మెటో గడ్డపారో అందులో పడితే, సరిగ్గా పడ్డచోటు నుంచి తాడుకు గుండురాయి కట్టి వదిలేవాళ్లు. గుండు నేరుగా అడుక్కి పోతుంది. ఆ తాడు పట్టుకుని దిగి తడుముకుంటే సామాను చేతికి తగులుతుంది. ఈ పనిలో ఆరితేరినవాడు మా పక్క గుడిసెలో ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా మామా అని పిలిచేదాన్ని. గుంటలో పడ్డ సమ్మెట మామ తీయలేకపోవడమన్నది లేదు. సోమవారం మధ్యాహ్నం ఆ తాడే తెచ్చి, ఆ గుండే కట్టి, నాలుగో రాయి దగ్గర్నుంచి మడుగులోకి వదిలాడు. దిగాడు. మూడుసార్లు దిగాడు. గులకరాళ్లు తప్ప ఏమీ లేవన్నాడు.

మంగళవారం మేస్త్రీ వచ్చాడు. "గుంటలో నిలవనీళ్ల పద్ధతి పారే ఏటికి పనికొస్తదంట్రా? ఏరు ఈడ్చుకుపోయుంటది, కిందికి చూడండి" అని అందర్నీ కోప్పడ్డాడు. మడుగు చివరిదాకా, దాన్ని దాటి మోకాళ్ల లోతు నీళ్లలో ఇంకో ఫర్లాంగు దూరం దాకా వెతికారు. బుధవారం వెదురుగడలతో ఇసకంతా పొడిచి చూశారు. గంట లేదు.

పడ్డచోట లేదు, ఏరు పారేవైపు లేదు. మూడోచోటు ఒకటి ఉండొచ్చునని మాత్రం ఒక్కడికీ తోచలేదు. తోచింది ఇంకొకటి. బుధవారం పొద్దువాలే వేళ మేస్త్రీ మా గుడిసె ముందు నిలబడి, నలుగురూ వినేట్టు అన్నాడు.

"నీళ్లలో పడితే గదా దొరికేది."

అమ్మ మోకాలికి ఆముదపాకు కాచి కట్టుకుంటోంది. తలెత్తి చూసింది. "ఏందన్నా నీ మాట?"

"ఉన్న మాటే. పెద్ద గంట పడితే నీళ్లు లేవాల, చప్పుడు కావాల. నీ కూతుర్నే అడిగితే చప్పుడు కాలేదంటది. మరి పడిందేంది, చుట్టకుదురా? నడికుడి టేసన్ కాడ పాత కంచు కొనేవాడు తిరుగుతన్నాడని చానామంది చెప్తన్నారు."

ఉన్నదున్నట్టు చెప్పిన నా మాటనే తీసుకొచ్చి మా అమ్మ మెడకు చుట్టాడు. "నేను చూశా! ఏటవాలుగా దిగింది!" అని అరిచాను.

"బిడ్డ నీ బిడ్డే గదా" అన్నాడు నా వైపు చూడకుండా, అమ్మతోనే. "ఈతొచ్చిన మనిషివి. పడ్డప్పుడే దూకి తియ్యకుండా ఎట్టా కూచున్నావ్?"

అమ్మ మోకాలు చూపించలేదు. ఆకుకట్టు అందరికీ కనపడుతూనే ఉంది.

అప్పుడు ప్రమాణం మాట వచ్చింది. శుక్రవారం పొద్దున అమ్మ ఏట్లో మునిగి, తడిబట్టలతో పోలేరమ్మ గుడికి రావాలి. అమ్మవారి ముందు దీపం అరచేత్తో ఆర్పి, గంట నేను తీయలేదని చెప్పాలి. అబద్ధమాడి దీపం ఆర్పినవాళ్ల ఇంట్లో దీపం పెట్టే దిక్కు ఉండదని మా వైపు నమ్మకం. ఒకసారి ప్రమాణం చేశాక ఇక ఆ మనిషిని ఎవరూ పల్లెత్తు మాట అనరు. చేయకపోతే గంట కొట్టే పనీ, కంకర పనీ, గుడిసే మూడూ పోతాయి. మేస్త్రీ ఆ మాట చెప్పి, తాటాకు పందిరి కింద నిలబడ్డవాళ్ల వంక ఒకసారి చూసి, వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక మామ ఒక్కడూ ఆగాడు. "చేసెయ్యమ్మా. పోయేదేముంది? ఒక్క మునక."

"చెయ్యను" అంది అమ్మ.

"తియ్యనప్పుడు భయమెందుకు?"

"భయమా? నా మొగుడు ఆ గంట వినపడక పోయాడు. ఇంకొకరి మొగుడు పోగూడదని మూడేళ్ల నుంచి మోశా. దాన్ని అమ్ముకున్నానని అనేవాడి నోరు మూయించడానికి నేను తడిసి వణకాల్నా? పొడిబట్టలతో చెప్పిన మాట చెల్లదా నాది?"

మామ తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక్కి తిరిగి ఇంకో మాట అంటాడేమోనని చూశాను. అనలేదు.

గంట లేని ఆ రోజుల్లో క్వారీలో కేకలతోనే మందు పేల్చారు. గురువారం పొద్దున కేక సరిగ్గా వినపడక ఒకతను ఆలస్యంగా పరిగెత్తాడు. రాతిపలుకు వచ్చి భుజం చీల్చుకుపోయింది. ఆ మనిషిని ఏరు దాటించి తీసుకొస్తుంటే అమ్మ గుమ్మంలోంచి చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. నాన్న పోయిన రోజు తర్వాత అమ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే పాత గుంట దగ్గరికి వెళ్లాను.

ఆ గుంట నా సొంతం. ఆడవాళ్లు అన్నాలు తినే వేళ నేను అక్కడ కూచుని, చేతికి దొరికినవన్నీ నీళ్లలో వేసేదాన్ని. దండగ పని అని అమ్మ తిట్టేది. సున్నపురాతి మీద నిలిచిన నీళ్లు, మిట్టమధ్యాహ్నం ఎండ పడితే అడుగుదాకా కనపడేవి. గుండ్రటి రాయి వేస్తే మారుమాట లేకుండా నేరుగా అడుక్కి పోయేది. పొడుగాటి రాతిచెక్కను నిలువుగా వదిలినా దారిలో అడ్డం తిరిగి, పడుకున్నట్టుగా దిగేది. కుండపెంకును బల్లపరుపుగా వదిలితే ఉయ్యాల్లాగా అటూ ఇటూ ఊగుతూ, ఎక్కడికో నింపాదిగా చేరేది. అన్నిట్లోకీ తలతిక్కది ఏటవాలుగా వదిలిన పెంకు. వంగిన అంచు ముందుకు పెట్టి గుంట మధ్యకు దూసుకుపోయేది. కొంతదూరం పోయాక ముందంచు పైకెత్తి ఒక్క క్షణం ఆగేది. ఆగి, వెనకంచు కిందికి పెట్టి, వచ్చిన వైపుకే మళ్లీ దూసుకొచ్చేది. ఎన్నోసార్లు నేను కూచున్న గట్టు కిందికే వచ్చి చేరింది.

ఆ రోజు పెంకు వెనక్కి రావడం చూసేసరికి నాకు గంట దిగిన తీరు కళ్లముందు కదిలింది. మామ వదిలింది గుండురాయి. గుండు పోయే దారి గుండుదే. బిళ్ల సంగతి దానికేం తెలుసు? మూడు రోజులు ఇంతమంది గుండునూ ప్రవాహాన్నీ నమ్ముకుని నీళ్లలో దిగారే గానీ, పోయింది బిళ్ల అని ఒక్కరన్నా తలుచుకోలేదు. ఒగరుస్తూ ఇంటికి పరిగెత్తి అమ్మకు చెప్పాను.

అమ్మ లేచి ఉలీ సుత్తీ తీసుకుని, గుమ్మం పక్కనున్న పలచటి నాపరాయిని ముందేసుకుని చెక్కడం మొదలుపెట్టింది. అంచుల్ని టకటకా కొట్టుకుంటూ వచ్చి, గంటంత వెడల్పున గుండ్రటి బిళ్ల తీసింది. కర్ర ఊతం పెట్టుకుని నాతో గుంట దగ్గరికి వచ్చింది. బిళ్లను తలమీద పెట్టుకుని, గట్టు మీద నిలబడి, సోమవారం ఎలా జారిందో అలాగే ఒరిగి వదిలింది. బిళ్ల చప్పుడు చేయకుండా దిగింది. మధ్యకు పోయింది. ఆగింది. వెనక్కి తిరిగి మా కాళ్ల కిందికే వచ్చి గోడకు ఆనుకుంది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! ఈ పెంకులాటకేనంటే నేను రోజూ తిట్టేది?" అంది అమ్మ. సోమవారం తర్వాత ఆ మొహంలో నవ్వు చూడడం అదే.

వెంటనే మళ్లీ మొహం ముడుచుకుంది. "ఇయ్యి నిలవనీళ్లే. అక్కడ ఏరు పారతంది గదా. తోసుకుపోదా?"

దానికి జవాబు అమ్మ దగ్గరే ఉంది. తన చిన్నప్పటి సంగతి చెప్పింది. బండ మీంచి నీళ్లు కిందికి దూకేచోట మా తాత పుట్టిని దగ్గరికి పోనిచ్చేవాడు కాదట. దూకిన నీళ్లు ముందుకు పోతున్నట్టే కనపడి, కింద సుడి తిరిగి, బండ కాళ్ల దగ్గరికే వెనక్కి వస్తాయట. పుట్టి ఒకసారి అందులో చిక్కితే బండకు అతుక్కుపోయి కదలదట. ఇద్దరం మెల్లగా మడుగు దగ్గరికి వెళ్లి చూశాం. బండ అంచు కింద ఎండుటాకులూ నురగా ఏటికి ఎదురుగా పాక్కుంటూ వచ్చి, రాతిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాయి. రోజుకు రెండుసార్లు ఆ రాళ్ల మీద నడిచినవాళ్లమే, ఎన్నడూ కిందికి చూడలేదు.

"ఇక్కడే ఉంది" అంది అమ్మ, తను నిలబడ్డ బండను కర్రతో పొడుస్తూ. "మూడు రోజులు దాని నెత్తి మీద నిలబడి నన్ను దొంగన్నారు."

శుక్రవారం పొద్దున మేస్త్రీ ఇవతలి ఒడ్డున కర్పూరపు పళ్లెంతో సిద్ధంగా ఉన్నాడు. ప్రమాణం చూడ్డానికి జనం పోగయ్యారు. అవతల క్వారీలో పని నడుస్తూనే ఉంది, అక్కడివాళ్లు కూడా మధ్యమధ్య ఇటు చూస్తున్నారు. అమ్మ కర్ర పట్టుకుని, పొడి చీరలో వచ్చింది. నేను నాపరాతి బిళ్ల ఎత్తుకుని వెనక వచ్చాను.

"మునిగి రమ్మన్నా గదా" అన్నాడు మేస్త్రీ.

"గుడికి తర్వాత పోదాం. ముందు ఇది చూడు" అని అమ్మ జరిగినదంతా రెండు ముక్కల్లో చెప్పింది.

అతను వినీ విననట్టు నవ్వాడు. "ఆడపిల్ల పెంకులాటాడి చెప్తే మేం వినాల? అయినా అది రాయి, ఇది కంచు. రాయి తేలిక. కంచు బరువుకి అట్టా ఈత కొడతదా?"

వినడానికి సబబుగానే ఉంది. జనంలో కొందరు తలలూపారు కూడా. అమ్మ నా వైపు తిరిగింది. "పొయ్యి, మన పెనం తీసుకురా."

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనప వంటసామాను ఆ పెనం. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. అది పోతే ఆ రాత్రికి రొట్టె లేదు. ఒక్క పరుగున వెళ్లి తెచ్చాను. నల్లగా ఉంటే నీళ్లలో కనపడదని గుడిసెల పక్కనున్న సున్నపు బట్టీ దగ్గర తడి సున్నం తీసుకుని రెండువైపులా మందంగా పూశాను. చేతులు మండాయి. పోతే పోయిందనుకున్నాను.

అమ్మ నాలుగో రాయి మీద నిలబడి ముందు మామ చేత గుండురాయి వేయించింది. అది నేరుగా దిగిపోయింది. మామ దాన్ని పైకి లాగి, తాడు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత పెనం తలమీద పెట్టుకుని, కాలు జారినట్టే ఒరిగి వదిలింది. చప్పుడు కాలేదు, నీళ్లు లేవలేదు. అది చూసి మేస్త్రీ కళ్లు చిట్లించాడు. తెల్లటి బిళ్ల మడుగు మధ్యకు దూసుకుపోయింది. అందరూ బండ అంచున వంగి చూస్తున్నారు. మధ్యలో ఆగింది, ముందంచు పైకెత్తింది, తిరిగింది. ఏటికి ఎదురుగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, మా వైపే వచ్చి అందరి కాళ్ల కింద గుయ్యారంలోకి పోయి మాయమైంది.

మామ ఒకడుగు వెనక్కి వేసి, "నేను దాంట్లోకి దిగలేనమ్మా" అన్నాడు.

"నిన్నెవరు దిగమన్నారు? నీ తాడియ్యి."

అమ్మ కొంగు నడుముకు చుట్టి, చీర గోచీ పోసి బిగించింది. తాడు ఒక కొస నడుముకు కట్టుకుని రెండో కొస మామ చేతికిచ్చింది. రెండుసార్లు కుదిపితేనే లాగమంది. వాచిన మోకాలు ఇంకా పూర్తిగా వంగడం లేదు. అయినా నీళ్లలోకి దిగాక కుంటితనం కనపడలేదు. ఒక్కసారి ఊపిరి లాగి మునిగింది. తాడు బండ కిందికి పాక్కుంటూ పోయింది. నేను కూడా ఊపిరి బిగపట్టాను. అమ్మ పైకి తేలినప్పుడు చేతిలో పెనం ఉంది.

జనం ఘొల్లుమని నవ్వారు. "గంటకు పోయి పెనం తెచ్చింది" అని ఎవరో అన్నారు. ఆ నవ్వినవాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి, వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, అయినా నేను మరిచిపోలేదు. పెనం దొరికిందంటే దారి దొరికిందనే గదా. ఆ మాత్రం తెలియని మొద్దులు. అమ్మ పెనం నా కాళ్ల దగ్గరికి విసిరి, మళ్లీ మునిగింది.

ఈసారి చాలాసేపు రాలేదు. తాడు కదలడం మానేసింది. మామ లాగబోతే, "లాగమాక మామా, అమ్మ కుదపలా" అని ఆయన చేయి పట్టుకున్నాను. అమ్మ రాకపోతే ఈ బండ మీద ఉన్నవాళ్లలో ఒక్కణ్నీ వదలనని నాకు నేను చెప్పుకున్నాను. పన్నెండేళ్లదాన్ని, ఏం చేసేదాన్నో తెలియదు గానీ, నిజంగానే అనుకున్నాను. అప్పుడు తాడు రెండుసార్లు కుదిపినట్టయింది. మామా నేనూ లాగాం. ముందు అమ్మ తల వచ్చింది, తర్వాత చేయి, మణికట్టుకు చుట్టుకున్న ఇంకో తాడు, ఆ తాడుకు వేలాడుతూ గంట.

అమ్మ బండ మీదికి ఎక్కి, దగ్గి, నీళ్లు ఊసి నిలబడింది. గంటను ఎడమచేత్తో వేలాడదీసింది. కొయ్యసుత్తి లేదు, మామ గుండురాయి తీసుకుని మూడు దెబ్బలు కొట్టింది. అవతల క్వారీలో పనిచేస్తున్నవాళ్లు ఎక్కడి సామాన్లు అక్కడ పారేసి వేపచెట్టు వైపు పరిగెత్తారు. మందు పేల్చేది లేదని తెలిసి కూడా పరిగెత్తారు, ఆ దెబ్బలు అలాంటివి. ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్లలోనూ ఇద్దరు ముగ్గురు కదలబోయి ఆగారు.

అమ్మ మేస్త్రీ ముందుకు వచ్చి నిలబడింది. జుట్టులోంచి, చీరలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇయ్యిగో తడిబట్టలు. కావాలన్నావు గదా. ఇప్పుడడుగు ప్రమాణం."

"దొరికింది గదా, ఇంక ప్రమాణమెందుకులే" అన్నాడతను.

"నాకక్కర్లేదు. నీకుంది. నువ్వు మునిగి రా. పాత కంచు కొనేవాడికి నేను అమ్మానని నీకు చెప్పినోళ్లెవరో, పోలేరమ్మ ముందు దీపం ఆర్పి చెబుదువుగాని."

అతను కదలలేదు. చేతిలో పళ్లెం అలాగే ఉంది. కర్పూరం వెలిగించనే లేదు. అంతలో మామ చేతిలో తాడు కింద పెట్టి, చొక్కాతోనే మడుగులోకి దిగి, తలదాకా మునిగి, పైకి వచ్చాడు. నీళ్లు కారుతూ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు.

"నేను నోటితో అనలేదు గానీ మనసులో అనుకున్నానమ్మా. నా గుండు అబద్ధం చెప్పదనుకున్నా. తప్పయిపోయింది" అన్నాడు.

ఆయన మీద కోపం నాకు ఆ క్షణంలో పోయింది. మేస్త్రీ మీద పోలేదు. అతను ఏమీ జరగనట్టు, "సరే సరే, పొద్దెక్కతంది. గంట తీసుకుని పనిలోకి పదండి" అన్నాడు.

అమ్మ గంట తీసుకెళ్లి అతని పళ్లెం మీద పెట్టింది. బరువుకు అతని చేతులు కిందికి వంగాయి.

"కొట్టేది నేనే. అది ఎవరికీ ఇయ్యను. మోసేది మాత్రం ఇక నుంచి నువ్వే. రోజూ పొద్దున నీ ఇంటి నుంచి నువ్వే తెచ్చి నా చేతికియ్యి. లేదంటే ఆ క్వారీలో ఒక్క ఆడమనిషి కూడా కాలు పెట్టదు."

అమ్మ ఆ మాట ఎవర్నీ అడిగి అనలేదు. కానీ కంకర కొట్టే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అమ్మ వెనక నిలబడ్డారు. నేను పెనం చంకన పెట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. మేస్త్రీ మా అందర్నీ చూసి, గంటను గుండెలకు హత్తుకుని ఇంటిదారి పట్టాడు.

శనివారం పొద్దున అమ్మా నేనూ ముందే ఏరు దాటి, అవతల ఒడ్డున కూచున్నాం. మేస్త్రీ వచ్చాడు. గంటను రెండు చేతులతో పొట్టకు పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, రాయి రాయికీ ఆగుతూ దాటుతున్నాడు. నాలుగో రాయి దగ్గర పూర్తిగా ఆగిపోయాడు.

"అంచు వంచమాక అన్నా! జారిందంటే ఎటో పోదు, నీ కాళ్ల కిందే దాక్కుంటది" అని అమ్మ ఒడ్డు మీంచి కేకేసింది.

అమ్మ నవ్వలేదు. నేను నవ్వాను. అక్కడున్న ఆడవాళ్లందరూ నవ్వారు. అతను తల ఎత్తకుండా వచ్చి, గంట అమ్మ చేతికిచ్చాడు. భుజానికి కట్టుతో వచ్చిన మనిషి అప్పటికే వేపచెట్టు నీడలో కూచుని ఇటే చూస్తున్నాడు. మందు కూరి సిద్ధంగా ఉందని గోతిలోంచి చెయ్యూపారు. అమ్మ కొయ్యసుత్తి ఎత్తి మూడు దెబ్బలు కొట్టింది. పారలూ తట్టలూ పారేసి అందరం పరిగెత్తాం. అందరికంటే ముందు పరిగెత్తింది మేస్త్రీ.